డాక్యుమెంటుగా పంపు, అల్లుడా

మా రాజంపేటలో ఫోటోలు మూడు రకాలు. పెళ్ళి ఫోటో, పాస్‌పోర్టు ఫోటో, కువైట్ ఫోటో. మొదటి రెండూ ఎక్కడైనా ఉండేవే. మూడోది మా దిక్కు వాళ్ళకే బాగా తెలుసు. ఇంటికొకరు కువైట్ పోయిన ఊళ్ళు మావి. పోయిన రెండు మూడు నెలలకు ఒక ఫోటో వస్తుంది. తెల్ల కారు, దాని బానెట్ మీద చెయ్యి, కళ్ళకు నల్లద్దాలు. కారు మనవాడిది కాదు, కఫీలుది. వెనక కనబడే మేడా కఫీలుదే. ఆ సంగతి పంపినవాడికి తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. అయినా దానికి ఫ్రేము కట్టించి నడవలో తగిలిస్తారు. 'ఇక్కడున్నాను, బాగున్నాను' అని చెప్పడమే ఆ ఫోటో పని. కారు ఎవరిదనేది ఎవరూ అడగరు.

నేను తీసే ఫోటోలు నాలుగో రకం. కంప్యూటర్ ఆటల్లోంచి తీస్తాను. మంచు కొండలు, వాన తడిసిన వీధులు, ఎడారిలో ఒంటరి గుర్రం, ఎవరూ లేని రైల్వే స్టేషను. ఒక్క ఊరికీ నేను పోలేదు, ఒక్క గుర్రమూ నాది కాదు. ఆ లెక్కన చూస్తే ఇవీ కువైట్ ఫోటోలే.

నా బతుకుదెరువు మాత్రం మామూలు ఫోటోలతోనే. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు, పండగలప్పుడు ఫ్లెక్సీ డిజైన్లు. షాపు మూసి ఇంటికొచ్చాక రాత్రి పదింటి నుంచి పన్నెండు వరకు ఆట. ఆట అంటున్నానే గానీ ఆ రెండు గంటల్లో గంటన్నర నేను ఆడేదేమీ ఉండదు. ఒక చోట నిలబడి వెలుతురు మారడం కోసం కాచుకుంటాను. మా ఆవిడ వెనకనుంచి చూసి, "ఏం కదల్లేదే, హ్యాంగ్ అయిందా?" అంటుంది. స్క్రీన్‌షాట్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే: డబ్బులు కట్టినట్టు రుజువు. దానికోసం గంటన్నర నిలబడేవాడిని చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. 2005 తర్వాత మా బస్టాండు దిక్కు ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు పదిహేను రూపాయలిచ్చి వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్ళం. శాన్ ఆండ్రియాస్‌లో తుపాకులతో పాటు ఒక కెమెరా కూడా దొరుకుతుంది. తుపాకీ గురి పెట్టినట్టే గురి పెట్టి నొక్కాలి. తీసిన బొమ్మ 'గ్యాలరీ' అనే ఫోల్డర్లో చేరుతుంది. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా పోలీసులను తప్పించుకొని పారిపోతుంటే నేను సముద్రం ఒడ్డున పొద్దుగూకేది ఫోటో తీసుకునేవాణ్ణి. అయితే ఆ సెంటర్లో ఒక సాఫ్ట్‌వేరు ఉండేది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే అంతకుముందు చేసినవన్నీ మాయమై మొదటికొస్తాయి. వైరస్‌ల బాధ లేకుండా పెట్టుకున్నారు. వాళ్ళకది సౌకర్యం. నేను మాత్రం నిన్న తీసిన పొద్దు కోసం ఈ రోజు వెతికితే ఫోల్డరు ఖాళీ.

అందుకని ఫ్లాపీ కొన్నాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి పెయింట్‌లో అతికిస్తే చాలాసార్లు నల్లటి పలకే వచ్చేది. ఆట తెర మొత్తాన్నీ తన ఆధీనంలోకి తీసుకొని గ్రాఫిక్స్ కార్డు నుంచి నేరుగా గీస్తుంటే, విండోస్ తీసే నకలులోకి ఆ బొమ్మ రాదు. దానికి విరుగుడుగా ఫ్రాప్స్ అనే సాఫ్ట్‌వేరు ఉండేది. ఎఫ్10 నొక్కితే బొమ్మ పడేది. ఉచితంగా దొరికేదాంట్లో బీఎంపీ రకం ఒక్కటే వచ్చేది, అంటే ఏమాత్రం కుదించని బొమ్మ. 800 చుక్కల వెడల్పు, 600 చుక్కల ఎత్తు, చుక్కకు మూడు బైట్లు. మొత్తం 14,40,000 బైట్లు, పైన 54 బైట్ల తలకట్టు. ఫ్లాపీలో వాడుకోగలిగిన చోటు 14,57,664 బైట్లు. కొలిచి కుట్టించినట్టు ఒక ఫ్లాపీకి ఒకే ఒక్క బొమ్మ. దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని ఇంటికి పోయేవాణ్ణి. ఇంట్లో కంప్యూటర్ లేదు. చూడ్డానికి లేదు, అయినా ఉందనే ధైర్యం.

ఇప్పుడు నా దగ్గర కంప్యూటర్ ఉంది, టెరాబైట్ల కొద్దీ చోటుంది. చెయ్యి తిరిగిన కొద్దీ అర్థమైంది ఏమిటంటే, మంచి స్క్రీన్‌షాట్ తీయడంలో సగం పని తీసేయడమే. మొదట తెర మీది అంకెలు తీసేయాలి: ప్రాణం ఎంతుంది, తూటాలెన్ని ఉన్నాయి, ఎటు పోవాలి అని చూపించే గీతలన్నీ. చాలా ఆటల సెట్టింగుల్లోనే వాటిని ఆపేసే వీలుంటుంది. తర్వాత ఆట తయారుచేసినవాళ్ళు కావాలని కలిపిన కెమెరా లోపాలు తీసేయాలి. కదిలితే మసక, ఫిలిం మీది గరుకు, అంచుల్లో రంగులు విడిపోవడం, మూలల్లో చీకటి. నాకు ఇది భలే విచిత్రం. ఫోటో షాపులో ఈ లోపాలు లేని లెన్సు కోసం వేలకు వేలు పోస్తాం. ఆటలో అసలు లెన్సే లేదు, అయినా నిజం కెమెరాతో తీసినట్టు కనపడాలని ఆ లోపాలు కూర్చి పెడతారు.

ఆ తర్వాత పెద్దగా గీయించి చిన్నగా చెయ్యాలి. నా తెర 1920 బై 1080, అంటే ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. ఆటను 3840 బై 2160లో గీయమంటే చుక్కలు సరిగ్గా నాలుగింతలవుతాయి. నాలుగు చుక్కల రంగులు కలిపి ఒక చుక్క చేస్తే కరెంటు తీగల అంచులు రంపం పళ్ళలా లేకుండా నున్నగా వస్తాయి. ఇదివరకు దీనికి నానా తంటాలు పడేవాళ్ళు. 2014 నుంచి గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలే ఈ సౌకర్యం ఇస్తున్నాయి. కార్డు పాపం రొప్పుతుంది. ఆట సెకనుకు పది బొమ్మలకు పడిపోతుంది. నాకేం, కావాల్సింది ఒక్కటే బొమ్మ.

ఇంకొకటి, కదలకుండా నిలబడటం. ఈ కాలపు ఆటలు చాలావరకు ఇప్పటి ఫ్రేమును దాని ముందటి ఫ్రేములతో కలిపి అంచులు నున్నగా చేస్తాయి. కదిలేటప్పుడు ఆ కలపడంలో నీడలు సాగి మసక వస్తుంది. నిలబడి ఒక్క ఊపిరి తీసుకునేలోగా ఆకులు, ఇటుకలు, బట్టల నేత తేటపడతాయి. పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నవాళ్ళకు రోజూ నేను చెప్పే మాటే ఇక్కడ నాకు నేను చెప్పుకుంటాను: కదలద్దు.

చివరిది దాచుకోవడం. స్టీమ్‌లో ఎఫ్12 నొక్కితే మామూలుగా జెపెగ్ పడుతుంది. కుదించని ప్రతి కూడా దాచమని సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టాలి. జెపెగ్ అంటే కన్ను పట్టుకోలేని వివరాలను పారేసి బొమ్మను చిన్నది చేయడం. మామూలుగా తేడా తెలియదు. పొద్దుగూకే ఆకాశంలో తెలుస్తుంది, నున్నగా దిగాల్సిన రంగు మెట్లు మెట్లుగా దిగుతుంది. పారేసిందాన్ని మళ్ళీ తెచ్చుకోలేం. మాకు మూడు మైళ్ళ దూరంలో తాళ్ళపాక ఉంది. అన్నమయ్య ముప్పైరెండు వేల కీర్తనలు రాశాడని చెప్తారు. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. దక్కినవి ఎందుకు దక్కాయంటే, రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో ఒక అరలో భద్రం చేసినందువల్ల. ఏ రూపంలో దాచామనేది పాట ఎంత బాగుందనే దానికంటే చిన్న విషయమేమీ కాదు.

ఈ పిచ్చి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది. కార్ల పందెం ఆట గ్రాన్ టూరిస్మో 4లో 2004 నాటికే ఫోటో తీసుకోవడానికని ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. డంకన్ హారిస్ అనే ఆయన 'డెడ్ ఎండ్ థ్రిల్స్' పేరుతో ఆటల్లో తీసిన బొమ్మలు ఒక తరం వాళ్ళకు పాఠంలాంటివి. 2014లో టైమ్ పత్రిక యాష్లీ గిల్బర్ట్‌సన్ అనే యుద్ధ ఫోటోగ్రాఫర్‌తో 'ద లాస్ట్ ఆఫ్ అస్' ఆటలో ఫోటోలు తీయించింది. ఇరాక్ యుద్ధాన్ని దగ్గరగా చూసిన మనిషి. ఆ ఆటలో చంపడం ఆయనకు సహించలేదు. వేరేవాళ్ళు ఆడి పెడితే తను ఫోటోలు తీసుకున్నాడు. అలాన్ బట్లర్ అనే ఐర్లండు కళాకారుడు జీటీఏ 5లో బంగళాలను, కార్లను వదిలేసి, అందులోని ఇల్లు లేని పేదవాళ్ళనే వెతికి, ఆటలో ఉండే ఫోన్ కెమెరాతో ఫోటోలు తీశాడు. ఆట తయారుచేసినవాళ్ళు నగరం నిజంగా ఉండాలంటే ఫ్లైఓవరు కింద పడుకునే మనిషి కూడా ఉండాలనుకున్నారు. ఆయన అక్కడే ఆగి చూశాడు.

నావి అంత పెద్ద ఆలోచనలు కావు. నేను తీసిన బొమ్మలు అమ్మకు చూపిస్తా, వాట్సాప్‌లో పదిమందికి పంపిస్తా, అంతే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఎర్రటి రాతి లోయ ఒకటి తీసి చూపిస్తే అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని, "గండికోటనా? ఎప్పుడు పోయినార్రా, నన్నెందుకు పిలుచుకోని పోలేదు?" అనింది. అది ఆటలో ఉండే అమెరికా అని చెప్పడానికి నాకు మనసు రాలేదు. కాదని చెప్పినాక కూడా, "ఎవురైతేనేమి, మన పెన్న లోయ మాదిరే గీసినారు" అనింది.

అసలు సంగతి మా మామది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. 2012 నుంచి కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. చెయ్యేటి గట్టు మీద ఆయనకొక ఇల్లుంది. మా నాయనమ్మల కాలం మట్టి మిద్దెను పడగొట్టి, కువైట్ డబ్బుతో ఒక్కొక్క సెలవుకు ఒక్కొక్క గది చొప్పున కట్టుకున్న ఇల్లు. పిల్లల చదువులకని అత్త రాజంపేటలో బాడుగింట్లో ఉంటుంది. ఆదివారాలు పోయి ఊడ్చి, దీపం పెట్టి వస్తుంది. మామ చివరిసారి వచ్చింది 2018లో. మళ్ళీ రావాల్సిన ఏడు కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయినాయి.

ఆ ఏడే, 2020 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తది వచ్చింది. భూగోళం మొత్తం అందులో ఉంటుంది. ఉపగ్రహాలు, విమానాలు తీసిన బింగ్ మ్యాపుల బొమ్మలను నేలగా పరిచి, దాని మీద ఇళ్ళను, చెట్లను కంప్యూటరే మొలిపించింది. పెట్టాబైట్ల కొద్దీ సమాచారం వాళ్ళ సర్వర్లలో ఉంటుంది. మనం ఎక్కడ ఎగురుతుంటే అక్కడిది ఇంటర్నెట్ మీద దిగుతుంది. ఆట ఒక్కటే 150 జీబీ చోటు అడిగింది. మా కేబుల్ కనెక్షన్ మీద నాలుగు రోజులు దిగింది. ఐదో రోజు రాత్రి కడప విమానాశ్రయం నుంచి చిన్న సెస్నా విమానం తీసుకొని బయలుదేరాను. న్యూయార్క్ చూడాలనో, పారిస్ చూడాలనో అనిపించలేదు. రైలు పట్టాలు పట్టుకొని ఒంటిమిట్ట మీదుగా నందలూరు, నందలూరు నుంచి రాజంపేట.

ఒంటిమిట్ట గోపురం ఉండాల్సిన చోట ఒక మామూలు డబ్బా ఇల్లుంది. నందలూరు సౌమ్యనాథుడి గుడి నేల మీద బొమ్మగానే ఉంది, లేవలేదు. బోయనపల్లె దగ్గరి 108 అడుగుల అన్నమయ్య విగ్రహం లేదు. అరటి తోట, మామిడి తోట, నిమ్మ తోట అన్నిటికీ ఒకే రకం చెట్లు. కానీ చెయ్యేరు మాత్రం చెయ్యేరే. ఉపగ్రహం చూసిన రోజు నీళ్ళు లేవేమో, తెల్లటి ఇసక వంకర్లు తిరుగుతూ మా ఏరు అట్లాగే ఉంది. పైన బాదనగడ్డ దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఉంది. కింద మామ ఊరు ఉంది.

ఆటలో విమానాన్ని గాల్లో నిలిపేయొచ్చు. కెమెరాను విమానం వదిలి ఎటైనా తిప్పుకోవచ్చు. పొద్దు ఎక్కడుండాలో, మబ్బులెన్ని కావాలో మనమే జరుపుకోవచ్చు. ఉదయం ఎనిమిది గంటల ఎండ పెట్టాను. మబ్బులు తీసేశాను. ఊరి మీద కెమెరా నిలిపి, 3840 బై 2160లో తీసి మామకు వాట్సాప్ చేశాను. ఐదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అల్లుడా, మసగ్గా ఉండాదిరా. దగ్గరికి లాగితే అంతా అలికినట్టు ఉండాది. మన ఇల్లు యాడ?"

వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోను కుదించి పంపుతుంది. నా షాపులో రోజూ ఇదే పంచాయితీ. ఫోన్లో వచ్చిన ఫోటో తెచ్చి ఆరడుగుల ఫ్లెక్సీ చేయమంటారు. ఎంత లాగినా లేని చుక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే ఫైలును ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఒక్క చుక్క పోకుండా పోతుంది. అట్లా పంపాను. ఈసారి ఫోనే చేసినాడు.

"ఇది మన ఇల్లు కాదు గదరా. మనది మిద్దె గదా, దీనికి వాలు కప్పుండాదే?"

"అది కంప్యూటర్ పెట్టిన ఇల్లు మామా. పైనుంచి చూసి ఇక్కడొక ఇల్లుందని కనిపెట్టి, దానికి తోచిన ఇల్లు పెడుతుంది."

"కంప్యూటరుకు మన ఇంటి సంగతి యాడ తెలుస్తాదిలే," అని నవ్వినాడు. కాసేపాగి, "సందు మాత్రం కరెక్టే. గుడి కాడ తిరిగేది కూడా కరెక్టే. ఇంకొకటి తీసి పంపు. డాక్యుమెంటుగా పంపు, అల్లుడా" అన్నాడు.

ఆ శీతాకాలమంతా పంపాను. పొద్దున, సాయంత్రం, వానలో, వెన్నెల్లో. రాత్రి కఫీలు ఇంటి పిల్లల్ని దింపి వచ్చాక, ఇంటి వెనకాల తన గదిలో పడుకొని వేలితో లాగి లాగి చూసుకునేవాడు. నేల నిజం, నేల మీద ఉన్నవి ఊహ అని ఆయనకు బాగా అర్థమైంది. ఇళ్ళను పట్టించుకోవడం మానేసి సందులు చూసేవాడు.

2021 నవంబరు 19. కార్తీక పౌర్ణమి. పైన పింఛ ప్రాజెక్టు గట్టు తెగింది. ఆ నీళ్ళు, వాన నీళ్ళు కలిసి వచ్చి తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసేశాయి. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు. ఈ పేర్లు ఆ వారమంతా పేపర్లలో వచ్చినాయి. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు నీళ్ళలో చిక్కుకున్నాయి. పదుల మంది పోయినారు. మామ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ లేరు. అది మా అదృష్టం. పక్క సందులో వాళ్ళకు ఆ అదృష్టం లేదు.

దారి తెరిచినాక అత్తతో కలిసి పోయినాను. మామ ఫోటోలు పంపమన్నాడు. ఫోన్ చేతిలో పట్టుకొని నిలబడితే ఏం తీయాలో తోచలేదు. ఇన్నేళ్ళ అలవాటు చెప్పేది ఒకటే: అడ్డం వచ్చేవి తీసెయ్, వెలుతురు కోసం ఆగు, మంచి కోణం వెతుకు. ఇక్కడ అడ్డం వచ్చేవే అసలు విషయం. కిటికీ ఎత్తు వరకు ఇసక. ఒక గోడ లేదు. మంచం ఎవరిదో, మనది కాదు. చెట్టు కొమ్మకు చీర. దీన్ని నిలిపేసి కెమెరాను పైకి తీసుకుపోయే మీట లేదు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద మాడుతోంది, నీడలు లేవు, ఏ ఫోటోగ్రాఫరూ ఇష్టపడని వెలుతురు.

షాపులో ఎట్లా తీస్తానో అట్లా తీశాను. నాలుగు మూలల నుంచి నాలుగు. గోడ మీద నీటి గుర్తు దగ్గర అత్తను నిలబెట్టి ఒకటి, ఎత్తు తెలియడానికి. పగిలిన చోట దగ్గరగా ఒకటి. ఇల్లు మొత్తం పోయిందా, కొంతే పోయిందా అన్నదాన్ని బట్టి పరిహారం ఉంటుంది. ఫోటోలో అది తేలాలి. అత్త తలతిప్పుకుంది. "ముఖం కనపడాలత్తా," అన్నాను. అదే మాట రోజుకు యాభై మందికి చెప్తాను. ఆ రోజు చెప్పినంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత రెండు నెలలు షాపులో అదే పని. నీళ్ళలో నాని అతుక్కుపోయిన ఆల్బములు తెచ్చేవాళ్ళు. పేజీలు విడదీస్తే ముఖాలు ఎదుటి పేజీకి అంటుకొని వచ్చేవి. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుబుక్కులు, కువైట్ నుంచి వచ్చిన ఫ్రేములు. పోయినవాళ్ళ ఫోటో ఒక్కటైనా పెద్దది చేసి ఇమ్మని అడిగేవాళ్ళు. దొరికేది ఎవరి ఫోన్లోనో వాట్సాప్‌లో వచ్చిన గ్రూపు ఫోటో, అందులో వెనక వరసలో బొటనవేలి గోరంత ముఖం. లేని చుక్క రాదని ఫ్లెక్సీల వాళ్ళకు చెప్పినంత తేలిగ్గా వీళ్ళకు చెప్పలేం. ఫోటోకు నాణ్యత ఎందుకని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆకాశంలో రంగుల మెట్లు కాదు, ఆ గోరంత ముఖాలు. తీసిన రోజున అది ఎవరికి కావాల్సి వస్తుందో తెలియదు గనక, ఉన్నదాన్ని ఉన్నట్టు దాచాలి.

మామ అంతటా విన్నాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, "అల్లుడా, ఆ విమానం ఆటలో తీసినావే, ఊరు. పొద్దున ఎండది. అది ఉండాదా?" అన్నాడు.

ఉంది. ఆటలోకి పోయి చూశాను కూడా. అక్కడ కట్ట అట్లాగే ఉంది. కింద ఊరు అట్లాగే ఉంది. ఎనిమిది గంటల ఎండ నేను పెట్టిందే. వాళ్ళ సర్వర్లలో కొత్త ఉపగ్రహ బొమ్మ చేరినదాకా అది అట్లాగే ఉంటుంది. చేరిన రోజున పాతది మనకు మళ్ళీ కనపడదు. ఇలాంటి లోకాలకు మనం ఎంత డబ్బు కట్టినా అద్దెకున్నవాళ్ళమే. 'ద క్రూ' అని 2014లో వచ్చిన ఒక కార్ల ఆటలో అమెరికా మొత్తాన్ని చిన్నది చేసి పెట్టారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దాంతో కొన్నవాళ్ళకు కూడా ఆ రోడ్ల మీద తిరగడానికి లేకుండా పోయింది. అందులో తిరిగినవాళ్ళకు మిగిలింది వాళ్ళు తీసుకున్న స్క్రీన్‌షాట్లు, వీడియోలు.

డాక్యుమెంటుగా పంపాను. రెండో రోజు ఆ బొమ్మే తిరిగొచ్చింది, ఫోటోగా, కుదించుకొని, మసగ్గా. దాని మీద వేలితో ఎర్రగీతలు. గుడి. బోరు. చింతచెట్టు. మా పెద్దనాయన ఇల్లు. మన ఇల్లు. ఒక్కొక్క వాలు కప్పు మీద ఒక్కొక్క పేరు. కంప్యూటర్ తోచినట్టు పెట్టిన ఇళ్ళన్నిటికీ ఆయన ఎవరిది ఏదో పేర్లు రాసిచ్చినాడు. వేలితో రాసిన అక్షరాలు వంకరటింకర. గీతల కింద నేను కష్టపడి తీసిన నున్నటి అంచులు ఒక్కటీ కనపడలేదు.

అసలు ఫైలు మీద ఆ పేర్లు తేటగా టైపు చేసి ప్రింటు తీశాను. 3840 చుక్కలను అంగుళానికి మూడు వందల చొప్పున వేస్తే దాదాపు పదమూడు అంగుళాల వెడల్పు వస్తుంది. అత్త దాన్ని తీసుకుపోయి, ఊరివాళ్ళు తలదాచుకున్న చోట పెట్టింది. వారం తర్వాత తెచ్చి నా కౌంటర్ మీద పరిచింది. కాగితమంతా బాల్‌పెన్ను గీతలు. ఎవరో చింతచెట్టును కొట్టేసి సందుకు అవతల పెట్టినారు. ఎవరో 'ఈ దారి ఇట్లా తిరగదు' అని రాసినారు. మామ మరిచిపోయిన ఇల్లు రెండు చేరినాయి. ఒక ఇంటి మీద ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసి, దాన్నీ కొట్టేసి మొదటిదే మళ్ళీ రాసినారు. ఒక మూల కాఫీ గ్లాసు అడుగు గుండ్రంగా పడింది.

"తుడిచి మంచిది ఇంకొకటి తీస్తావా?" అనింది అత్త.

వద్దన్నాను. మరకతో సహా ఆరు వందల డీపీఐలో స్కాన్ చేసి, కుదించకుండా దాచి, ఫైలు పేరులో తేదీ వేసి, మామకు పంపాను. డాక్యుమెంటుగానే.